కొండలు గాలిని ఆపవు: కొండ తీరంలో చిన్న పడవ ప్రయాణం గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు తిరుపతికి చెందిన నలుగురు మిత్రులు. మీలో ఇద్దరు చెన్నైలో తెరచాప పడవ నడపడంలో ప్రాథమిక శిక్షణ పొందారు. వచ్చే జూన్‌లో ఒక వారం పాటు చిన్న పడవను అద్దెకు తీసుకొని, సముద్రంలోకి కొండలు దిగివచ్చే తీరం వెంట తిరగాలని అనుకుంటున్నారు. నార్వేకు వెళ్లాలా, క్రొయేషియాకు వెళ్లాలా అని అడిగారు. చివర్లో ఒక వాక్యం చేర్చారు: "ఎలాగూ చుట్టూ కొండలే కాబట్టి గాలికి అడ్డు ఉంటుంది, భయం లేదనుకుంటున్నాం." మీ ప్రశ్నకు సమాధానం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కానీ ఆ చివరి వాక్యాన్ని అలాగే వదిలేస్తే ఆ సమాధానం వల్ల మీకు మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను పందొమ్మిదేళ్లు సరుకు ఓడల్లో డెక్ అధికారిగా పనిచేసి, ఆ తరువాత తిరుపతిలో స్థిరపడ్డాను. స్థిరపడ్డాక ఆరు వేసవులు క్రొయేషియాను ఆనుకున్న ఏడ్రియాటిక్ సముద్రంలోనూ, ఒక వేసవి నార్వేలోనూ అద్దె పడవల్లో తిరిగాను. రెండు వందల మీటర్ల ఓడ మీద నిలబడి నేర్చుకున్న విద్య పదిమీటర్ల పడవలో సగం కూడా పనికిరాదని మొదటి ఏడాదే తెలిసివచ్చింది. ఓడవాడికి తీరం దూరంగా ఉంచవలసిన వస్తువు. చిన్న పడవవాడు ప్రతి సాయంత్రం ఆ తీరం దగ్గరకే వెళ్లి తలదాచుకోవాలి.

నా సలహా క్రొయేషియా. అందులోనూ స్ప్లిట్ నగరం నుంచి దక్షిణంగా ఉన్న మధ్య డల్మేషియా తీరం, మొదటిసారి అద్దె స్కిప్పర్‌తో, అంటే పడవ బాధ్యత చూసే కూలి కెప్టెన్‌తో. నార్వేను తరువాతి ఏళ్లకు దాచుకోండి. కారణాలు వరుసగా కాకుండా, విషయం నడిచే క్రమంలో చెబుతాను.

తెల్లవారుజామున అలిపిరి మెట్ల మొదట్లో నిలబడినవారికి ఒక విషయం అనుభవంలో ఉండే ఉంటుంది. ఊళ్లో ఆకు కదలకపోయినా, అక్కడ కొండ వైపు నుంచి చల్లని గాలి పాదాల మీదుగా దిగుతూ ఉంటుంది. రాత్రంతా చల్లబడిన కొండవాలు తనను ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లు జారినట్లు వాలు వెంట కిందికి జారుతుంది. తిరుపతి ఊరికీ తిరుమలకూ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. క్రొయేషియాలో మకార్స్కా అనే ఊరి వెనుక నిలబడిన బియోకోవో పర్వతం సముద్రపు ఒడ్డు నుంచే 1,762 మీటర్లు లేస్తుంది. అంటే మన కొండకు రెండున్నర రెట్లు. దాని పాదం దగ్గర అలిపిరి లేదు, సముద్రమే ఉంది. మకార్స్కా వెళితే మీ పడవ కట్టేది ఆ పాదం దగ్గరే.

అయితే రోజూ రాత్రి దిగే ఆ మెల్లని కొండగాలిని తలచుకొని భయపడనవసరం లేదు. భయపడవలసింది దాని పెద్దన్న గురించి. ఆ తీరంవాళ్లు దాన్ని బూర అంటారు. పర్వతశ్రేణికి అవతల, ఐరోపా లోపలి భూభాగం మీద చల్లని గాలి పేరుకుపోతుంది. తీరం వైపు సముద్రం వెచ్చగా ఉంటుంది. పేరుకున్న చల్లగాలి శిఖరాల మధ్య కనుమలను వెతుక్కొని, చెరువు కట్ట పొర్లినట్లు ఇవతలికి పొర్లిపడుతుంది. పొర్లిన గాలి నిలకడగా వీచదు. ఐదు నిమిషాలు ఊరకుండి, ఆరో నిమిషంలో గోడ కూలినట్లు మీద పడుతుంది. శీతాకాలంలో ఉత్తరాన వెలెబిట్ పర్వతాల కింద ఈ గాలి విసురు గంటకు 200 కిలోమీటర్లు దాటిన సందర్భాలు నమోదయ్యాయి. అప్పుడు వంతెనల మీద రాకపోకలు ఆపేస్తారు. జూన్‌లో అంత ఉండదు. వచ్చినా ఒక పూట, మహా అయితే రెండు రోజులు. కానీ పదిమీటర్ల పడవకు 35 నాట్ల విసురే, అంటే గంటకు సుమారు 65 కిలోమీటర్లే చాలు. గాలి వేగం రెండింతలైతే అది తెరచాప మీద, పడవ ఒంటి మీద చూపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. చెన్నై శిక్షణలో మీరు హాయిగా నడిపిన 15 నాట్ల గాలికీ, 30 నాట్ల గాలికీ మధ్య ఉన్న తేడా అది.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మొదటి ఏడాది మకార్స్కాకు దక్షిణంగా, తీరం లోపలికి వంగిన ఒక చిన్న మలుపులో సాయంత్రం లంగరు వేశాం. నీరు అద్దంలా ఉంది. బియోకోవో శిఖరం పొడవునా తెల్లటి మబ్బు దుప్పటి కప్పినట్లు పరుచుకొని ఉంది. కార్తీకంలో శేషాచలం మీద మబ్బు దిగినట్లే ఉందని మా తమ్ముడు మురిసిపోయి ఫొటోలు తీశాడు. నేనూ ముచ్చటపడ్డాను. ఆ మబ్బే బూరకు ముందు వచ్చే కబురని, అవతలి నుంచి గాలి పొర్లడానికి సిద్ధంగా ఉందనడానికి కంటికి కనిపించే గుర్తని అక్కడి బెస్తవారికి చిన్నపిల్లలప్పటి నుంచే తెలుసు. రాత్రి రెండు గంటలకు మొదటి విసురు తగిలింది. పదిహేను నిమిషాల్లో లంగరు జారింది. బూర ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి రాళ్ల మీద పడలేదు. కాని చీకట్లో, జారుతున్న లంగరును పైకి లాగలేక, ఇంజను పెట్టి, తెల్లారేదాకా బ్రాచ్ ద్వీపానికీ ఒడ్డుకీ మధ్య జలసంధిలో గాలికి ఎదురుగా ముక్కు నిలిపి ఉంచవలసి వచ్చింది. తప్పు పడవది కాదు, వాతావరణ శాఖదీ కాదు. ఆ రోజు సాయంత్రపు సూచనలో బూర మాట ఉంది. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయని నేనే దాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని బాగా గమనించండి. ఒడ్డు నుంచి వీచే గాలికి ఒడ్డు పక్కన అల లేవదు, ఎందుకంటే అల పెరగడానికి దూరం కావాలి. అందుచేత కొండ కింద నిలబడి చూస్తే సముద్రం ఎప్పుడూ అమాయకంగానే కనబడుతుంది. రెండు మైళ్లు లోపలికి వెళ్లాక అసలు రూపం తెలుస్తుంది. కాబట్టి అక్కడ బయలుదేరే ముందు నీళ్లను చూసి నిర్ణయం తీసుకోకూడదు. తల ఎత్తి కొండను చూడాలి.

రెండో చిక్కు ఇంకా విచిత్రం. గాలివానకు మనం ఎత్తైన గోడ చాటున దాక్కుంటాం. పర్వతం మీద నుంచి పడే గాలికి ఎత్తైన కొండ చాటు చాటు కాదు, అదే జలపాతం కింద నిలబడడం. బూర ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి, దాని సూచన ఉన్న రాత్రి ఆ వైపు తక్కువ ఎత్తు నేల, వీలైతే పైన్ చెట్లున్న మెట్ట ఉన్న రేవును ఎంచుకోవాలి. ఎత్తైన కొండ నిటారుగా లేచిన అందమైన మలుపును వదులుకోవాలి. బ్రాచ్ ద్వీపం దక్షిణపు ఒడ్డు కూడా ఇందుకు మినహాయింపు కాదు. దాని వెనుక సుమారు 780 మీటర్ల ఎత్తున్న విదోవా గోరా ఉంది, అక్కడి నుంచి కూడా విసుర్లు దిగుతాయి.

ఇక మంచి కబురు. వేసవిలో ఆ తీరాన్ని ఎక్కువ రోజులు ఏలేది బూర కాదు, మాయెస్త్రాల్ అనే వాయవ్యపు గాలి. మన చెన్నైలో మధ్యాహ్నం వచ్చే సముద్రపు గాలికి చుట్టం. ఉదయం పది, పదకొండు మధ్య మొదలై, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు 15 నుంచి 20 నాట్ల దాకా పెరిగి, పొద్దు గుంకేసరికి సద్దుమణుగుతుంది. ఈ గాలి గడియారం లాంటిది కాబట్టి మీ రోజును దాని ప్రకారం అమర్చుకోవచ్చు. వాయవ్యం వైపు వెళ్లవలసిన రోజు తెల్లవారుజామునే ఇంజనుతో బయలుదేరి పదిలోపు చేరిపోవాలి. ఆగ్నేయం వైపు వెళ్లే రోజు తీరిగ్గా భోంచేసి, చాప ఎత్తి, గాలిని వెన్నుకు పెట్టుకొని వెళ్లవచ్చు. ద్వీపాల మధ్య ఇరుకు జలసంధుల్లో కొండలు ఈ గాలిని గరాటులా బిగిస్తాయి. వాతావరణ సూచనలో 15 నాట్లని ఉంటే ఆ ఇరుకులో 22 వస్తుందని లెక్క వేసుకొని, చాపను ముందుగానే కుదించి కట్టుకోవడం నా అలవాటు. కుదించాలా వద్దా అన్న సందేహం మనసులో వచ్చిందంటే అప్పటికే కుదించవలసిన సమయం అయిందన్నమాట.

యూగో అనే ఆగ్నేయపు గాలి తేమతో, ముసురుతో రెండు మూడు రోజులు మెల్లగా పెరుగుతుంది. పెద్ద అలలు తెస్తుంది కాని ముందుగా చెప్పే వస్తుంది. నెవేరా అనేది పడమటి నుంచి హఠాత్తుగా వచ్చే వేసవి ఉరుముల వాన. మన వైపు మే నెల సాయంత్రాల్లో వచ్చే గాలిదుమారాన్ని చూసినవారికి దాని గురించి వేరే చెప్పనక్కరలేదు. పడమటి ఆకాశం నల్లబడితే చాపలు దించేయండి.

ఇప్పుడు లంగరు. కొండ తీరానికి కొత్తగా వెళ్లినవారు గాలి కంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. నీటిపైన కొండ ఏ వాలులో ఉందో నీటికింద కూడా అదే వాలులో దిగుతుంది. ఒడ్డుకు ముప్పై మీటర్ల దూరంలో ఇరవై మీటర్ల లోతు ఉండడం అక్కడ మామూలు. లంగరు తన బరువుతో పట్టి ఉంచదు. గొలుసు నేలమీద పడుకొని అడ్డంగా లాగినప్పుడే దాని ముక్కు మట్టిలో దిగుతుంది. అందుకే లోతుకు కనీసం ఐదింతల గొలుసు వదలాలి. లోతు అంటే నీటి లోతు మాత్రమే కాదు, నీటిమట్టం నుంచి పడవ ముందుభాగంలోని గొలుసు కప్పీ ఎత్తు కూడా కలపాలి. ఎనిమిది మీటర్ల నీరు, ఒక మీటరు ఎత్తు కలిపి తొమ్మిది, ఐదింతలు వేస్తే 45 మీటర్లు. అద్దె పడవల్లో సాధారణంగా 50 నుంచి 70 మీటర్ల గొలుసు ఉంటుంది, కాబట్టి ఇది సరిపోతుంది. అదే ఇరవై మీటర్ల లోతులో లెక్క వేస్తే 105 మీటర్లు కావాలి. మీ దగ్గర అంత ఉండదు. పైన నేను చెప్పిన రాత్రి మేము వేసింది 14 మీటర్ల లోతులో 45 మీటర్ల గొలుసు. మూడింతలు. ప్రశాంతమైన నీటికి అది చాలింది, బూరకు చాలలేదు.

సరే, 45 మీటర్లు వదిలాం అనుకోండి. గాలి దిశ మారినప్పుడల్లా పడవ ఆ గొలుసు చివర గానుగెద్దులా తిరుగుతుంది. పడవ పొడవు కూడా కలిపితే 55 మీటర్ల వ్యాసార్ధం గల చోటు కావాలి. కొండల మధ్య మలుపుల్లో అంత చోటు ఉండదు. అందుకే అక్కడివారు ముందు నుంచి లంగరు వేసి, పడవను వెనక్కి నడిపి, వెనుకభాగం నుంచి పొడవాటి మోకును ఒడ్డున ఉన్న బండకో, ఇనుప గూటానికో కడతారు. చెట్లకు కట్టవద్దు, బెరడు ఒలుచుకుపోయి ఆ చెట్లు చచ్చిపోతున్నాయి. మోకు నీటిమీద తేలే రకం అయి ఉండాలి. మునిగే మోకు ఇంజను పంకాకు చుట్టుకుంటే ఆ పూటకు మీ ప్రయాణం ముగిసినట్లే. మీలో ఈత బాగా వచ్చినవారు మోకు చివర పట్టుకొని ముందుగా ఒడ్డుకు వెళ్లాలి, కాళ్లకు రబ్బరు చెప్పులుండాలి, ఎందుకంటే ఆ రాళ్ల నిండా సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ల జీవులు) ఉంటాయి. మొదటిసారి ఈ పని చేస్తున్నప్పుడు మీ నలుగురూ ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటారు. పక్క పడవలవాళ్లు చూస్తారు. పరవాలేదు, వాళ్లూ ఆ దశ దాటివచ్చినవారే.

నేల రకం కూడా చూడాలి. స్వచ్ఛమైన ఆ నీటిలో పది మీటర్ల లోతు దాకా అడుగు కనబడుతుంది. లేత రంగు మచ్చలు ఇసుక, ముదురు మచ్చలు పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. గడ్డి మీద వేసిన లంగరు దిగబడదు, గడ్డిని మాత్రం పీకుతుంది. చేపలు గుడ్లు పెట్టే చోటు అది. ఇసుక మీదే వేయండి. వేశాక ఇంజనును వెనక్కి గట్టిగా నడిపి, ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా కనిపించే రెండు గుర్తులను, చెట్టు వెనుక ఇంటి మూల వంటివి, గమనించండి. అవి ఒకదానినుంచి ఒకటి విడిపోకుండా ఉంటే లంగరు పట్టినట్లు. విడిపోతే లంగరు తీసి మళ్లీ వేయాలి. మూడుసార్లు తీసి వేసిన రోజులు నాకు ఉన్నాయి.

నార్వేను ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడి ఫ్యోర్డులు హిమానీనదాలు తొలిచాక సముద్రం నిండిన లోయలు. సోగ్నే ఫ్యోర్డు 200 కిలోమీటర్లకు పైగా పొడవు, అత్యధిక లోతు 1,308 మీటర్లు. గోడలా నిలిచిన కొండ పక్కన లంగరు వేయడానికి నేలే అందదు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్లవలసిందే. ఏడ్రియాటిక్ మధ్య భాగంలో ఆటుపోట్ల తేడా అర మీటరు కూడా ఉండదు కాబట్టి మీరు దాన్ని దాదాపు మరచిపోవచ్చు. నార్వే ఉత్తరాన బోదో దగ్గరి సాల్ట్‌స్ట్రౌమెన్ ప్రపంచంలోనే అతి వేగవంతమైన ఆటుపోటు ప్రవాహాల్లో ఒకటి. అక్కడ జలసంధి దాటడానికి సమయపట్టిక చూసుకోవాలి. జూన్‌లో కూడా నీళ్లు చాలా చల్లగా ఉంటాయి, పడినవాడిని నిమిషాల్లో పైకి తీయాలి. జూన్‌లో సూర్యుడు అస్తమించని ఆ ఉత్తర తీరం నేను చూసిన అన్ని తీరాల్లోకీ గంభీరమైనది, అది కాదనను. కానీ తప్పు చేసి నేర్చుకునే చోటు కాదు. క్రొయేషియా జూన్ నీళ్లలో తప్పు చేస్తే చాలాసార్లు తడిసి వస్తారు, అంతే.

ఫ్యోర్డు రూపమే కావాలంటే దక్షిణాన మాంటెనెగ్రోలో కోతోర్ అఖాతం ఉంది. అది నిజానికి ఫ్యోర్డు కాదు, సముద్రం ముంచిన నదీలోయ. దాని పైన ఉన్న త్సర్క్విత్సె గ్రామంలో ఏడాదికి సగటున సుమారు 4,600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. సముద్రపు గాలి కొండకు కొట్టుకొని పైకి ఎక్కితే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. అయితే మొదటి వారంలో అంత దూరం వెళ్లవద్దు. ఒక హెచ్చరిక కూడా ఉంది. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సమూహంలో ఉంది, యూరో కూడా అదే రోజు వచ్చింది. మాంటెనెగ్రో షెంగెన్‌లో లేదు. మీ వీసా ఒకే ప్రవేశానికి ఇచ్చినదైతే పడవలో కోతోర్‌కు వెళ్లినవారు తిరిగి క్రొయేషియాలోకి రాలేరు. పడవ ఒడ్డున, మీరు బయట.

దారి విషయం. అద్దె పడవలు శనివారం సాయంత్రం ఇచ్చి, మరుసటి శుక్రవారం సాయంత్రానికి రేవుకు తిరిగి రమ్మంటారు. స్ప్లిట్ లేదా ట్రోగిర్ నుంచి బయలుదేరి మొదటి రోజు బ్రాచ్ పడమటి కొసన మిల్నా, రెండో రోజు హ్వార్ ద్వీపంలో స్టారి గ్రాద్, ఆ తరువాత విస్, తిరుగు దారిలో హ్వార్ పట్టణం ఎదుట ఉన్న పాక్లెని దీవులు. రోజుకు 10 నుంచి 25 నాటికల్ మైళ్లకు మించదు. చిన్న పడవ గంటకు ఐదారు మైళ్లు నడుస్తుంది. స్టారి గ్రాద్ క్రీస్తుపూర్వం 384లో గ్రీకులు నెలకొల్పిన ఊరు. వాళ్లు రాతి గోడలతో విభజించిన పొలాలు ఇప్పటికీ సాగులో ఉన్నాయి, సైకిలు మీద ఒక పూటలో చూడవచ్చు. విస్ ద్వీపం యుగొస్లావియా సైనిక స్థావరంగా ఉండి 1989 దాకా విదేశీయులకు మూసి ఉండడం వల్ల ఈనాటికీ నెమ్మదిగా ఉంటుంది. బియోకోవోను కింద నుంచి చూడాలన్న కోరిక మీకు బలంగా ఉంటే వాతావరణం నిలకడగా ఉన్న ఒక రోజు మకార్స్కా వెళ్లి, లంగరు మీద కాకుండా రేవులోనే కట్టి పడుకోండి.

పత్రాల గురించి క్లుప్తంగా. పడవ నడిపేవారికి క్రొయేషియా ప్రభుత్వం గుర్తించిన అర్హతా పత్రం, దానితోపాటు రేడియో వాడే అర్హత ఉండాలి. ఏయే దేశాల పత్రాలు చెల్లుతాయో వాళ్ల సముద్ర వ్యవహారాల మంత్రిత్వ శాఖ జాబితా ప్రకటిస్తుంది. చెన్నై ప్రాథమిక శిక్షణ పత్రంతో పడవ ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం. అద్దె స్కిప్పర్‌కు రోజుకు సుమారు 200 యూరోలు, ఆయన భోజనం, పడుకోవడానికి ఒక గది. నలుగురు పంచుకుంటే అది వృథా ఖర్చు కాదు. అయితే ఆయన నడుపుతుంటే మీరు ఫొటోలు తీస్తూ కూర్చోవద్దు. మొదటి రోజే చెప్పండి, లంగరు మేమే వేస్తాం, మీరు చూసి దిద్దండి అని. అత్యవసరానికి రేడియోలో 16వ చానెల్, ఫోన్‌లో 195, ఇవి అందరికీ నోటికి రావాలి.

వెళ్లే ముందు ఇక్కడ చేయగలిగినవి రెండున్నాయి. చెన్నైలో 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ వంటి చోట మీ ఇద్దరూ ఫిబ్రవరి నుంచి వారాంతాల్లో పడవ మీదకు వెళ్లే అవకాశం వెతుక్కోండి. మిగతా ఇద్దరు కనీసం ముడులు నేర్చుకోండి, ఇంట్లో నులక ముక్కతో చాలు. రెండోది, మన జిల్లాలోనే ఉన్న పులికాట్. తడ దగ్గర భీమునివారిపాళెం నుంచి అక్కడి జాలర్ల పడవలో ఒక పూట తిరగండి. సరస్సు సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ, చుట్టూ కొండ అనేదే లేదు, కాబట్టి డల్మేషియాకు పూర్తి వ్యతిరేకం. కానీ గాలి మారబోతోందని మీకు తెలియకముందే పడవ నడిపే ఆ తండేలుకు ఎలా తెలిసిందో అడగండి. ఆయన ఆకాశంలో ఏ మూల చూస్తున్నాడో గమనించండి.

జూన్ మొదటి పక్షం మంచిదే. జూలై, ఆగస్టులలో రేవుల్లో చోటు కోసం మధ్యాహ్నం రెండు గంటలకే పరుగెత్తాలి. సముద్రం ఎక్కగానే కడుపులో తిప్పడం మీలో కనీసం ఒకరికి తప్పదు. మాత్ర బయలుదేరే గంట ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక కాదు. ఊరగాయ, చింతపండు పొడి తీసుకెళ్లండి, అక్కడ తాజా చేప దొరుకుతుంది, బియ్యమూ దొరుకుతుంది, మన పులుపు మాత్రం దొరకదు. స్కిప్పర్ ఖరారు అయ్యాక, ఏ రేవు నుంచి బయలుదేరుతున్నారో, పడవలో గొలుసు ఎన్ని మీటర్లుందో ఇక్కడ రాయండి. ఒక్కో రాత్రికి మీరు ఎంచుకున్న మలుపులు ఏ గాలికి తెరిచి ఉన్నాయో పటం చూసి చెబుతాను.